ఏటి ఒడ్డున మార్చి చెప్పిన కబుర్లు

మొన్న ఒక సాయంత్రం నాకూ మా ఆయనకూ ఏదో చిన్న విషయం మీద మాటామాటా పెరిగి, ఆయన ముందు గదిలోనూ నేను వంటింట్లోనూ మూతులు ముడుచుకుని కూర్చున్నాం. కాసేపటికి నేను మా ఐదేళ్ళ అమ్మాయిని పిలిచి, "అన్నం చల్లారిపోతోంది. తింటే తినమను, లేకపోతే లేదని మీ నాన్నకు చెప్పు" అన్నాను. అది గంతులేసుకుంటూ వెళ్ళి, "నాన్నా, అమ్మ నీ కోసం తినకుండా కూర్చుంది. తొందరగా రావాలట" అంది. కోపం రావాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఈ విద్య దానికి ఎవరూ నేర్పలేదు. దాని వయసులో నాకూ ఎవరూ నేర్పలేదు.

అప్పుడు నాకు ఐదేళ్ళు నిండి కొన్ని నెలలయింది. అమ్మ రెండో కాన్పుకు అనకాపల్లిలో ఉన్న పుట్టింటికి వచ్చింది. నాన్నకు పరవాడ దగ్గర మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీలు. సెలవు దొరికిన రోజున బస్సెక్కి వచ్చి మమ్మల్ని చూసి వెళ్ళేవాడు. "యూకేజీయే కదా, ఏం మునిగిపోయింది" అని నన్ను బడి మానిపించి అమ్మతో పాటు పంపేశారు. డాక్టరమ్మ అమ్మను మంచం దిగొద్దని చెప్పింది. నేనేమో ఆ మంచం ఎక్కి దూకుతూ, అమ్మ కడుపు మీద నోరు ఆనించి లోపలున్న వాడితో గట్టిగా మాట్లాడుతూ, అమ్మకు కాస్త కునుకు పట్టగానే లేపి "నిద్రపోయావా?" అని అడుగుతూ ఉండేదాన్ని. మూడో రోజుకే అమ్మమ్మ చేతులెత్తేసింది.

"ఏవండీ, దీన్ని కూడా మీతో ఏటికి తీసుకుపోండి. మధ్యాహ్నం దాకా నా కంట పడనివ్వకండి" అంది.

తాతయ్య ముఖం చూడాలి ఆ క్షణాన. ఊళ్ళో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి చేతికి, అందరికంటే ఎక్కువ మాట్లాడే పిల్లను అప్పగించారు.

తాతయ్య మిషను బళ్ళో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కాలో ఉండేవాడు. చర్చిలో పెద్ద. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ఒక మాట చెబుతారు. లెక్క తప్పు చేస్తే మళ్ళీ చేయించేవాడట, అల్లరి చేస్తే నిలబెట్టేవాడట, అబద్ధమాడితే మాత్రం వారం రోజుల పాటు వాడి పేరు కూడా పిలిచేవాడు కాదట. అలాంటి మనిషికి ఉన్న ఒకే ఒక్క సరదా చేపలు పట్టడం. అదీ అందరిలా కాదు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ బళ్ళో ఒక దొరగారు ఉండేవారు. ఆయన తన దేశం వెళ్ళిపోతూ తన చేపల కర్ర తాతయ్యకు ఇచ్చి, దాన్ని వాడే తీరు కూడా నేర్పి వెళ్ళారు. దానికి ఎర్రలు గుచ్చే పని లేదు. గేలపు ముల్లుకు కోడి ఈకలూ పట్టుదారమూ చుట్టి, ఈగలాగానో మిడతలాగానో కనిపించే బొమ్మ కడతారు. దాన్ని నీళ్ళ మీద నిజం పురుగు వాలినట్టు వాలిస్తే, చేప మోసపోయి పైకి ఎగురుతుంది. తాతయ్య సాయంత్రాలు వీధి అరుగు మీద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చుకుని ఆ ఈగలు కట్టేవాడు. అందుకే మా అమ్మమ్మ పెంచే పుంజుకు మెడ మీద ఎప్పుడూ సగం ఈకలే ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు దానికేదో జబ్బు చేసిందనుకునేవారు.

మంకీ క్యాపు తొడిగి, జేబులో బిస్కెట్లు కుక్కి, అమ్మమ్మ నన్ను సైకిలు ముందు రాడ్డు మీద తువ్వాలు మడిచి కూర్చోబెట్టింది. చలికాలం చివర. ఊరు దాటి శారదా నది వైపు తిరిగితే చాలు, దారంతా బెల్లం వాసన. చెరుకు తోటల పక్కన పొయ్యిల మీద పెద్ద పెనాల్లో రసం కుతకుతలాడుతుండేది. ఎండిన పిప్పి మండుతున్న పొగా, పాకం తీపీ, మంచూ కలిసిపోయి వచ్చే ఆ వాసనకు నోరు తెరిస్తే నాలుక మీద తగిలేది. నేను దారి పొడుగునా నోరు తెరుచుకునే కూర్చునేదాన్ని. తెరిచిన నోరు ఊరికే ఎందుకుంటుంది? తాతయ్యను ప్రశ్నలు అడుగుతూ ఉండేదాన్ని.

ఆనకట్టకు దిగువన నీళ్ళు నిలిచే ఒక మడుగు దగ్గర తాతయ్య ఆగాడు. కర్ర కొనతో ఇసుకలో ఒక పెద్ద గుండ్రం గీశాడు.

"ఈ గీత దాటకూడదు. నా వెనక్కి రాకూడదు. మాట్లాడకూడదు. నీళ్ళు తాకకూడదు" అన్నాడు.

"ఊపిరి తీసుకోవచ్చా తాతయ్యా?" అని అడిగాను. నిజంగానే అడిగాను.

ఆయన కర్ర వెనక్కి ఊపగానే దారం తల మీదుగా వెనక్కి సాగి, గాలిలో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ముందుకు పోయి మడుగు మీద చప్పుడు లేకుండా పడింది. బడిలో టీచరు నల్లబల్ల మీద గొలుసు అక్షరాలు రాసినట్టు ఉంది. నేను చప్పట్లు కొట్టాను. తర్వాత పాట పాడాను. నీళ్ళలోకి ఒక రాయి వేస్తే ఎలా ఉంటుందో చూశాను. బిస్కెట్టు ఇసుకలో పడితే ఏడ్చాను. చివరికి గీత దాటి ఆయన వెనక్కి వెళ్ళి ఇంకోసారి గట్టిగా చప్పట్లు కొట్టబోయేసరికి, వెనక్కి వచ్చిన ఈగ నా జడ రిబ్బనుకు తగులుకుంది. తాతయ్య ముందుకు ఊపాడు. రిబ్బను ఊడి, గాలిలో ఎగిరి, మడుగు నడుమ పడింది.

కాస్త దూరం నుంచి ఎవరో పడీపడీ నవ్వారు.

అప్పుడు చూశాను. మాకు ముప్పై నలభై అడుగుల దూరంలో, ఒడ్డు మలుపు దగ్గర, తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకడు గొంతుక్కూర్చుని వెదురు గడతో చేపలు పడుతున్నాడు. తాతయ్య అటు చూడను కూడా లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంటికి వచ్చాక తాతయ్య, "ఇది నా వల్ల కాదు" అన్నాడు అమ్మమ్మతో.

"నా వల్లా కాదు" అంది అమ్మమ్మ. దాంతో నేను రోజూ వెళ్ళడం ఖాయమైంది.

రెండో రోజో మూడో రోజో తాతయ్య కాస్త మెత్తబడ్డాడు. చూపు నా మీద పెట్టి చేపలు పట్టడం కుదరదని తెలుసుకున్నాక, గీతకు బదులు ఆ మలుపు దాకా తిరగొచ్చని హద్దు పెంచాడు. "నీళ్ళ అంచుకు పోకు. అంతే" అన్నాడు. నేను సూటిగా ఆ ముసలాయన దగ్గరకే పోయాను.

"ఎవులమ్మా నువ్వు? మేస్టారి మనవరాలివేటి?" అన్నాడాయన. "రా, ఇలా కూకో."

ఆయనకు ఆ ఒడ్డునే చెరుకు తోట ఉంది. పక్కనున్న మోపులోంచి ఒక గడ తీసి, కత్తితో చెక్కి, నా నోటికి పట్టేటంత ముక్కలు కోసి పెట్టాడు. ఇంకో రోజు పెనంలోంచి తీసిన వేడి పాకం చెరుకు ముక్కకు చుట్టి తెచ్చాడు. నేను ఆయనకు చెరుకు తాత అని పేరు పెట్టాను. ఆయన చోడి అంబలి, అంటే రాగి జావ, తాగుతూ ఉల్లిపాయ కొరుక్కునేవాడు. నాకూ ఒక గుక్క పోసేవాడు. నా మాటలకు ఆయన ఎప్పుడూ "ఆహా", "అలాగేటి?", "ఆపైనేటయింది?" అంటుండేవాడు. నా జీవితంలో అంత మంచి శ్రోత మళ్ళీ దొరకలేదు.

"తాతా, నువ్వూ మా తాతయ్యా ఎందుకు మాట్లాడుకోరు?" అని ఒకరోజు అడిగాను.

ఆయన తోటవైపు చూస్తూ, "సేపలు బెదురుతాయి" అన్నాడు. తాతయ్యను అడిగితే ఆయనా అదే మాటన్నాడు. ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పారని నాకు చాలా కాలం దాకా తెలియలేదు.

అమ్మమ్మ నాకు తలకు నూనె రాస్తూ అసలు సంగతి చెప్పింది. ఒకప్పుడు వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులు. ఒకడు ఈకలతో, ఒకడు ఎర్రలతో, పక్కపక్కనే కూర్చుని పట్టేవారు. పదకొండేళ్ళ కిందట తాతయ్య ఈగకు ఒక కొరమీను తగులుకుంది. చెరుకు తాత చేతి వల పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. వల చేపకు అందేలోపు దారం తెగిపోయింది. తాతయ్యకు ఒళ్ళు తెలియని కోపం వచ్చి, ఒడ్డున బెల్లం వండుతున్న పదిమంది ముందూ, "చదువూ సంధ్యా లేని వాణ్ణి నమ్మి నీళ్ళలోకి దింపాను చూడు, నాదీ తప్పు" అని అరిచాడు. అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. మడుగును మాత్రం ఇద్దరూ వదల్లేదు.

"ఎంత పెద్ద చేప అమ్మమ్మా?"

"ఎవరు చూశారు? అరచేయంత ఉందో లేదో" అంది అమ్మమ్మ.

తాతయ్యను అడిగితే మోచేయి దాకా చూపించాడు. చెరుకు తాతను అడిగితే నన్ను లేపి నిలబెట్టి, "ఇదిగో, నీయంత ఉంటాది" అన్నాడు.

కబుర్లు మోయడం ఎలా మొదలైందంటే, ఒక ఉదయం తాతయ్యకు ఒక్కటీ పడలేదు. చెరుకు తాతకు నాలుగు జెల్ల చేపలు పడ్డాయి. ఆయన నాతో, "మీ తాతకి సెప్పు. ఆ కోడీకలు సూసి సేపలు నవ్వుకుంతన్నాయని సెప్పు" అన్నాడు.

నేను బయల్దేరాను. సగం దూరం వెళ్ళేసరికి ఆలోచన వచ్చింది. ఈ మాట చెబితే తాతయ్యకు కోపం వస్తుంది. కోపం వస్తే అటు వెళ్ళొద్దంటాడు. వెళ్ళొద్దంటే చెరుకు ముక్కలు ఉండవు.

"తాతయ్యా, ఆ తాత నీ ఈకలు చాలా బాగున్నాయన్నాడు" అన్నాను.

తాతయ్య దారం చుట్టడం ఆపాడు. "ఏమన్నాడూ?"

"చేపలకు కూడా నచ్చుతున్నాయట."

ఆయన ఆ మలుపు వైపు అనుమానంగా చూశాడు. చెరుకు తాత తన మాట చేరి ఉంటుందని పళ్ళికిలించాడు. ఆ నవ్వు తాతయ్యకు వేరేగా అర్థమయింది. గొంతు సవరించుకుని, "హు. ఎర్రలు గుచ్చి గుచ్చి వేళ్ళు కంపు కొట్టడం తప్ప ఆయనకు ఇవాళ ఏం పడ్డాయో అడుగు" అన్నాడు.

నేను చెరుకు తాత దగ్గరకు పరుగెత్తి, "నీకు ఎన్ని పడ్డాయో తాతయ్య అడగమన్నాడు" అన్నాను.

"నన్నా? అడిగేడా?" ముసలాయన గడను ఒడ్డున పెట్టాడు. ఎవరూ వినకూడదన్నట్టు నెమ్మదిగా, "నాలుగు పడ్డాయని సెప్పు" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు చేతినిండా పని. అటు నుంచి వచ్చిన పుల్లవిరుపు మాటను ఇటు వచ్చేసరికి తీపి చేసేదాన్ని. ఇటు నుంచి పోయే వెటకారం అటు చేరేసరికి కుశలప్రశ్న అయ్యేది. కొన్నాళ్ళకు వాళ్ళు ఏమీ చెప్పకపోయినా నేనే తయారు చేయడం మొదలుపెట్టాను. చెరుకు తాత లేచేటప్పుడు మోకాలు పట్టుకుని మూలుగుతాడు. "నీ మోకాలు ఎలా ఉందో తాతయ్య అడిగాడు" అన్నాను. మర్నాడు చెరుకు ఈ ఏడు బాగా పండిందని తాతయ్య మెచ్చుకున్నాడన్నాను. తాతయ్యకేమో, అంత సూటిగా దారం విసిరేవాడు ఈ జిల్లాలోనే లేడని చెరుకు తాత అన్నాడని చెప్పాను. ఆ మాట విన్న రోజున తాతయ్య మామూలుకంటే ఎక్కువ దూరం విసరబోయి, ఈగను అవతలి ఒడ్డు తుమ్మ కొమ్మకు తగిలించుకున్నాడు.

ఇద్దరూ మాట్లాడుకోలేదు. కానీ ఒకరి వైపు ఒకరు చూసుకోవడం మొదలైంది. పెద్ద పరిగె చేప పడితే తాతయ్య దాన్ని కాస్త ఎత్తి పట్టుకునేవాడు, అటువైపు కనిపించేలా. చెరుకు తాత తల ఊపేవాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక శుక్రవారం చెరుకు తాత అంబలి తాగుతూ, "అయితే మీ ఇంట్లో ఆదివారం పూట ఏటి వండుతారే?" అని అడిగాడు.

ఆదివారం అంటే మా ఇంట్లో పండగే. చర్చి నుంచి వచ్చీ రాగానే ఇంటి నిండా మసాలా వాసన. కొబ్బరి పాలతో అన్నం, కోడి కూర, పెరుగు పచ్చడి. అవన్నీ వరసగా చెప్పాను. ఆయన వింటూ, "మీ అమ్మమ్మ సేతి కోడి కూర తిని ఎన్నాళ్ళయిందో" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "మా ముసిల్ది పోయిన కాడ్నించి ఆదివారవైనా ఒకటే, మంగళారవైనా ఒకటే."

ఆయన భార్య చనిపోయి నాలుగేళ్ళయిందని నాకు అప్పుడు తెలియదు. కానీ ఆ ముఖం చూస్తే ఏదో చెయ్యాలనిపించింది. నా చేతిలో ఉన్నది ఒకటే విద్య.

"మా తాతయ్య నిన్ను ఆదివారం భోజనానికి రమ్మన్నాడు" అన్నాను.

ముసలాయన గిన్నె కింద పెట్టాడు. "నిజంగానే అన్నాడేటి?"

"ఆఁ."

"ఎప్పుడన్నాడు?"

"నిన్న. సైకిలు మీద వెళ్తుంటే."

ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకున్నాడు. "వత్తానని సెప్పు" అన్నాడు.

నేను చెప్పలేదు. ఇంటికి వెళ్ళేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అమ్మమ్మ అన్నం గిన్నె దించుతుండగా వీధి గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. తెల్లటి చొక్కా, ఉతికిన పంచె, నూనె రాసి దువ్విన జుట్టు. చెరుకు తాత. తలపాగా లేకపోతే నేనే మొదట గుర్తుపట్టలేదు. చేతిలో మాడుగుల హల్వా పొట్లం. గుర్తుపట్టగానే అమ్మ పడుకున్న మంచం కిందకు దూరాను. అక్కడి నుంచి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. తాతయ్య పాదాలు గదిలోంచి వచ్చి, గుమ్మానికి రెండు అడుగుల ముందు ఆగిపోయాయి.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"మేస్టారు..." అన్నాడు చెరుకు తాత. "నిన్న మాడుగులలో మా అల్లుడింటికెళ్ళి వచ్చేను. ఇది పిల్లకి. మీరు బోయినానికి రమ్మన్నారని కబురెడితేను..."

"నేనా?" అన్నాడు తాతయ్య.

ఆ ఒక్క మాటకే గుమ్మం దగ్గరున్న పాదాలు ఒక అంగుళం వెనక్కి జరిగాయి. మంచం కింద నుంచి నాకు అది స్పష్టంగా కనిపించింది. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాను, జ్వరాలు వచ్చాయి, కుక్క తరిమింది. కానీ ఆ అంగుళం చూసి వేసినంత భయం నాకు ఇంకెప్పుడూ వెయ్యలేదు.

"అవునవును, నేనే" అన్నాడు తాతయ్య. "నేనే రమ్మన్నాను. లోపలికి రా. కాళ్ళు కడుక్కో."

అబద్ధమాడినవాడి పేరు వారం పాటు పిలవని మనిషి, చర్చి నుంచి వచ్చిన చొక్కా ఇంకా విప్పకుండానే, అబద్ధం చెప్పాడు.

"రండి అన్నయ్యగారూ, వేళకు వచ్చారు" అని అమ్మమ్మ పీట వేసింది.

భోజనం దగ్గర చెరుకు తాత ఒక్కొక్కటే బయటపెట్టాడు. మోకాలు ఇప్పుడు నయమేనన్నాడు. "మీరు అడిగేరని పిల్ల సెప్పింది. మా కొడుకు కూడా అడగలేదు మేస్టారు." తాతయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, "ఆఁ... మోకాలు" అన్నాడు. తన చెరుకును మెచ్చుకున్నందుకు రెండు బెల్లం దిమ్మలు పంపుతానన్నాడు. తాతయ్య, "చెరుకు... అవును, చెరుకు" అన్నాడు. అమ్మమ్మ పెరుగు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందట. నా నెత్తి మీద మంచం కూడా ఊగుతోంది. అమ్మ నవ్వుతోంది.

ఆయన వెళ్ళిపోయాక తాతయ్య నన్ను మంచం కింద నుంచి బయటకు రమ్మన్నాడు.

"ఎన్ని?"

నేను వేళ్ళు మడిచాను. రెండు చేతులూ చాలలేదు.

"దాన్నేమీ అనకండి" అంది అమ్మమ్మ. "పదకొండేళ్ళుగా ఆ మనిషి మన గుమ్మం తొక్కలేదు. ఇవాళ మూడుసార్లు కూర వేయించుకున్నాడు."

"అబద్ధం అబద్ధమే. రేపు ఇదే వెళ్ళి ఆయనకు నిజం చెబుతుంది."

"మరి ఇవాళ మీరు చెప్పినదో?"

తాతయ్య చర్చి చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించాడు. మాట మాత్రం మార్చుకోలేదు.

మర్నాడు సైకిలు మీద నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బెల్లం వాసన వచ్చింది. నోరు తెరవబుద్ధి కాలేదు. ఏటి దగ్గర దిగాక తాతయ్య ఆ మలుపు వైపు చూపించాడు. నేను నడిచాను. చెరుకు తాత నన్ను చూడగానే ముక్కలు కోయడం మొదలుపెట్టాడు. దాంతో ఇంకా ఏడుపొచ్చింది.

"తాతా, అవన్నీ తాతయ్య అనలేదు. నేనే చెప్పాను."

"ఏటి?"

"భోజనానికి రమ్మనడం నేనే."

ఆయన నవ్వాడు. "ఓసి నీ... అలాగా! మరి మోకాలి మాట?"

"నేనే."

"మా సెరుకు బాగుందన్నది?"

"అదీ నేనే."

నవ్వు తగ్గిపోయింది. "అయితే మీ తాత ఒక్కటీ అన్లేదా?"

బాగా ఆలోచించాను. "ఎన్ని పడ్డాయో మాత్రం అడిగాడు" అన్నాను. నా దగ్గరున్న నిజం అదొక్కటే. అదీ సగమే.

చెరుకు తాత కోసిన ముక్కలు నా గౌనులో పోశాడు. నా మీద కోపం లేదు. కానీ మెల్లగా దారం గడకు చుట్టుకున్నాడు. ఎర్రల డబ్బా మూత పెట్టాడు. మోకాలు పట్టుకుని లేచాడు. పొద్దెక్కకుండా ఆయన ఇంటికి పోవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు తాతయ్య వస్తూ కనిపించాడు. ఇసుక దూరుతుందని ఎప్పుడూ కింద పెట్టని దొరగారి కర్రను ఇసుకలోనే పడేసి, ఆ ముప్పై నలభై అడుగులూ పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చాడు.

"ఏమోయ్, ఆగు."

ఆయన ఆగాడు. తిరగలేదు.

"పిల్ల చెప్పినవేవీ నేను అనలేదు. నిజమే" అన్నాడు తాతయ్య. బళ్ళో పాఠం చెప్పే గొంతు కాదది. "నేను అనాల్సింది ఒకటుంది. అది ఎవరి చేతా పంపేది కాదు. మీ ఆవిడ పోయినప్పుడు నేను రాలేదు."

చెరుకు తాత చేతిలోని గడను ఇసుకలో గుచ్చాడు.

"నిజానికి వచ్చాను. మీ వీధి మొగ దాకా వచ్చాను" అన్నాడు తాతయ్య. " ఏ పదిమంది ముందైతే నిన్ను అంత మాటన్నానో, ఆ పదిమందీ అక్కడే కూర్చున్నారు. నాకు అడుగు ముందుకు పడలేదు. వెనక్కి వెళ్ళిపోయాను. ఆ మాట అనడం తప్పు. రాకపోవడం ఇంకా పెద్ద తప్పు."

"సూసేను మేస్టారు" అన్నాడు చెరుకు తాత, అటే తిరిగి. "గొడుగు కనబడింది. ఆవేళ వానా లేదు, ఎండా లేదు. ఊరకే గొడుగేసుకుని తిరిగే మనిసి ఈ ఊళ్ళో మీరొక్కరే. వత్తారేమోనని సానాసేపు సూసేను."

తాతయ్య కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినవాటినే మళ్ళీ తుడిచాడు. నేను చెరుకు ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాను. ఈసారి మార్చి చెప్పడానికి నాకేమీ లేదు.

చెరుకు తాత తిరిగాడు. "ఇంకో మాట సెప్తాను, ఏటనుకోకండి" అన్నాడు.

"చెప్పు."

"ఆ సేప నా వల్ల పోలేదు. మీరు దారం బిగించీసేరు."

"నేనా? నువ్వు వల కొనతో దారాన్ని కొట్టావు."

"నేను కొట్టలేదు మేస్టారు. నా వల నీళ్ళలోనే ఉంది."

"నీళ్ళలో ఎక్కడుంది? నేను చూస్తూనే ఉన్నాను!"

పదకొండేళ్ళ నాటి దెబ్బలాట ఆ ఉదయం మొదటి నుంచి మొదలైంది. ఇద్దరూ చేతులు ఊపుతూ, ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఇసుకలో గీసి చూపించుకుంటూ, మధ్యాహ్నం దాకా అరుచుకున్నారు. ఒక గీత దగ్గర నన్ను చేపగా నిలబెట్టారు. నేను ఎటు కొట్టుకున్నానో, ఎటు తిరిగానో ఇద్దరూ చెరోలా తిప్పారు. ఏటిలోని చేపలన్నీ ఆనకట్ట దాటి పారిపోయి ఉంటాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు బుట్టలో ఒక్కటీ లేదు. దారిలో తాతయ్య ఈల వేశాడు. ఆయనకు ఈల వచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత వాళ్ళు పక్కపక్కనే కూర్చోవడం మొదలుపెట్టారు. నా ఉద్యోగం పోయింది. రెండు రోజులు అలిగి, మూడో రోజు నాకూ ఒక కర్ర కావాలన్నాను. చెరుకు తాత సన్నటి వెదురు కోశాడు. తాతయ్య దానికి తంగూసు దారం కట్టి, పుంజు మెడ నుంచి అప్పుడే పీకిన ఈకతో చిన్న ఈగ చుట్టాడు. దానికి నా వేలంత పరిగె ఒకటి తగులుకుంది. అది ఈకకు మోసపోయిందని తాతయ్యా, పక్కనున్న ఎర్ర వాసనకు వచ్చిందని చెరుకు తాతా ఆ పూటంతా వాదించుకున్నారు.

మూడు వారాల తర్వాత తమ్ముడు పుట్టాడు. వాణ్ణి చూడ్డానికి చెరుకు తాత బెల్లం దిమ్మలు పట్టుకుని వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. వేసవి మొదలయ్యాక నాన్న వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళిపోయాడు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆ మడుగు దగ్గర ఇసుక ఎంత తవ్వారంటే, కిందటేడు వెళ్ళినప్పుడు ఎక్కడ నిలబడ్డానో నాకే పోల్చుకోవడం కష్టమైంది. వాళ్ళిద్దరినీ కలిపింది నేనేనని మా ఇంట్లో చాలాకాలం గొప్పగా చెప్పుకున్నారు. నేనూ కాదనలేదు. కానీ అది నిజం కాదు. నా మాటలు వాళ్ళను ఒక ఆదివారం భోజనం దాకా తీసుకెళ్ళాయి, అంతే. మిగిలిన ఆ కాస్త దూరం తాతయ్య నడవకపోతే, నేనెన్ని అల్లినా లాభం లేకపోయేది. ఆయన నడిచి వచ్చిన తీరు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

తర్వాత సెలవులకు వెళ్ళినప్పుడల్లా అమ్మమ్మది ఒకటే ఫిర్యాదు. పొద్దున్నే వెళ్ళిన మనిషి మధ్యాహ్నం ఖాళీ బుట్టతో వస్తున్నాడని, కబుర్లే తప్ప చేపలు పట్టడం లేదని. "ఇద్దరూ మాట్లాడుకోని రోజుల్లో నాకు పులుసుకు లోటుండేది కాదు" అని గొణుక్కునేది. గొణుక్కుంటూనే మర్నాటి పొద్దుటికి రెండు టిఫిను డబ్బాలు కడిగి బోర్లించేది.